నాయన రేడియోకి ముందు ప్లగ్గు పెట్టొద్దు

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు. మా నాయన పెళ్లయిన కొత్తలో కొన్న వాల్వు రేడియో ముప్పై ఏళ్లకు పైగా అటక మీద ఉండిపోయింది. ఇల్లు సున్నం కొట్టిస్తూ మొన్న దించినాము. చెక్క పెట్టె, ముందు పసుపు గుడ్డ, వెనక అట్ట లోపల అతికించిన కాగితం మీద ఈసీహెచ్ 81, ఈఎఫ్ 89, ఈబీసీ 81, ఈఎల్ 84, ఈజెడ్ 80 అని ఉంది. నాయన లేరు. అమ్మ ఇప్పుడు ఎనభైకి దగ్గర పడింది, అది ఒక్కసారి పాడితే వినాలని ఉందంటోంది. మా పిల్లోడు ఇంజినీరింగు రెండో సంవత్సరం, ప్లగ్గు పెట్టి చూద్దాం ఏమవుతుందో అని తొందర పడుతున్నాడు. బజార్లో రిపేరు అంగడాయన చూసి, లోపలి సామానంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టిస్తే ఒక్క పూటలో పాడుతుంది అన్నాడు. ఏం చేయమంటారు? బాగైతే తిరుపతి స్టేషను వస్తుందా?

జవాబు: అమ్మా, మిగతా విషయాలు తర్వాత, ముందు మీ పిల్లోడి చేతిలోంచి ఆ ప్లగ్గు తీసుకుని దాచేయండి. ఇన్నేళ్లు అటక మీద బతికిన రేడియో చచ్చిపోయేది ఎప్పుడో తెలుసా, దించిన రోజు సాయంత్రం, ‘ఒక్కసారి పెట్టి చూద్దాం’ అనుకున్నప్పుడు. ఎలుకలు, చెద, వాన కన్నా ఆ ఒక్క మాటే ఎక్కువ రేడియోలను తినింది.

నేనూ ఆ పని చేసినవాణ్ణే. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మా మామ ఇంట్లో ఇట్లాంటి సెట్టే ఉండేది, ఆయన పోయినాక పదేళ్లు గుడ్డ కప్పి పెట్టారు. నాకప్పుడు కుర్రతనం, నాలుగు ట్రాన్సిస్టర్లు బాగుచేసి పెద్ద మెకానిక్కునని అనుకుంటున్న రోజులు. పెట్టాను ప్లగ్గు. పాడింది కూడా! అదే నా ఏడుపు. పది నిమిషాలు పాడింది, అత్త వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది, ఆ తర్వాత పాట వెనకాల ‘హూం’ అని ఒక శబ్దం మొదలై పెద్దదవుతూ వచ్చింది, వెనకనుంచి రోడ్డు వేసేటప్పుడు వచ్చే తారు వాసన. నేను స్విచ్చి కోసం వెతుక్కునేలోపల ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి నల్లటి జిగురు కారి చెక్క మీద పడింది. ఆ మరక ఇంకా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించడానికి మద్రాసు పంపి, నెల రోజులు అత్త మొహం చూడలేక తిరిగాను.

ఎందుకు అట్లా అయ్యిందంటే, రేడియోలో కరెంటును నున్నగా చేసే పెద్ద కండెన్సర్లు (ఇప్పుడు కెపాసిటర్లు అంటున్నారు) ఉంటాయి, రేకు డబ్బాల్లా నిలబడి ఉంటాయి. వాటి లోపల అల్యూమినియం రేకు మీద కంటికి కనపడనంత పల్చటి ఆక్సైడు పొర ఉంటుంది. రెండువందల యాభై వోల్టులను ఆపేది ఆ పొరే. రోజూ కరెంటు పడుతుంటే ఆ పొర దానంతటదే సరిపడా ఉంటుంది, ఏళ్ల తరబడి కరెంటు లేకపోతే పాడవుతుంది, లోపలి తడి కూడా ఎండిపోతుంది. అట్లాంటి దాని మీద ఒక్కసారిగా పూర్తి వోల్టేజి వేస్తే అది షార్టు అవుతుంది, ఆ భారం మోయలేక ఏసీని డీసీ చేసే వాల్వు ఈజెడ్ 80, దాని వెనకాల ట్రాన్స్‌ఫార్మర్ పోతాయి. కండెన్సర్ పోతే అంగట్లో తెచ్చుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ పోతే మాత్రం, ఆ కొలతకు చుట్టేవాణ్ణి వెతుక్కోవడమే ఒక తీర్థయాత్ర.

మీరు ఆ కాగితం మీద వాల్వుల పేర్లు, అంటే ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోల్లో వాడిన గాజు గొట్టాల పేర్లు, రాసి పంపడం చాలా మంచి పని. ఆ పేర్లలోనే సగం జాతకం ఉంది. మొదటి అక్షరం చూడండి, అన్నీ ‘ఈ’తో మొదలవుతున్నాయి. అంటే వాల్వు లోపలి ఫిలమెంటుకు 6.3 వోల్టులు కావాలి, కాబట్టి మామూలుగా సెట్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అదే ‘యూ’తో మొదలయ్యే యూసీహెచ్ 81, యూఎల్ 84, యూవై 85 లాంటివైతే నేను ఈ ఉత్తరం ఇంత తీరిగ్గా రాసేవాణ్ణి కాదు. ఆ సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఫిలమెంట్లన్నీ దండలో పూలలాగా ఒకదాని వెనక ఒకటి కట్టి నేరుగా మెయిన్స్‌కి, అంటే గోడ కరెంటుకి కలిపేస్తారు, లోపలి ఇనప చట్రానికే కరెంటు ఉండొచ్చు. నాబు ఊడిపోయి, అది బిగించే చిన్న స్క్రూ వేలికి తగిలినా చాలు. కొత్తవాళ్లు వాటి జోలికి వెళ్లకూడదు.

ఇక మిగతా అక్షరాలు. ఈసీహెచ్ 81 స్టేషన్లను పట్టి ఒకే ఫ్రీక్వెన్సీకి మార్చేది, ఈఎఫ్ 89 దాన్ని పెంచేది, ఈబీసీ 81 అందులోంచి మాట, పాట విడదీసి కొంచెం పెంచేది, ఈఎల్ 84 స్పీకర్‌ను మోగించే మొనగాడు, ఈజెడ్ 80 ఏసీని డీసీ చేసేది. ‘జెడ్’ అంటే ఏసీలో రెండు సగాలనూ వాడుకునే రెక్టిఫయర్, ‘ఎల్’ అంటే బరువు మోసే ఔట్‌పుట్ పెంటోడు, ఐదు ఎలక్ట్రోడ్ల వాల్వు. 80ల్లో ఉన్న అంకె తొమ్మిది పిన్నుల అడుగును చెప్తుంది. యూరప్ కంపెనీలు పెట్టుకున్న పద్ధతి ఇది, మన దగ్గర బెంగుళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) 1961 నుంచి వాల్వులు చేసినప్పుడు కూడా ఇవే పేర్లు వాడారు. మీ పిల్లోడు ఇంజినీరింగులో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నా సరే, వాల్వు చూసింది ఇదే మొదటిసారి అయ్యుంటుంది, ఇది చదివి వినిపించండి.

అయితే ‘ఈ’ ఉంది కదా అని ధైర్యం వద్దు. కొన్ని సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా అది రెండు వైపులనూ విడదీయని రకం, అప్పుడు చట్రానికి మెయిన్స్ తగిలే ఉంటుంది. ఒక మల్టీమీటరు కొనండి, మామూలుది చాలు. ప్లగ్గు గోడకి పెట్టకుండా, రేడియో స్విచ్చి మాత్రం ఆన్ చేసి, ప్లగ్గు రెండు పిన్నులకీ ఇనప చట్రానికీ మధ్య రెసిస్టెన్స్ చూడండి. ఏ పిన్నుతోనూ ఏమీ చూపించకూడదు. కొన్ని వందల ఓములు, అంతకన్నా తక్కువ చూపించిందంటే పని అక్కడితో ఆపేసి నాకు మళ్లీ రాయండి. ఆ తర్వాత రెండు పిన్నుల మధ్య చూడండి, ఇక్కడ పదుల ఓములు చూపిస్తే ట్రాన్స్‌ఫార్మర్ మొదటి చుట్టు తెగలేదని అర్థం. వెనక వోల్టేజి మార్చే చిన్న బిళ్లో, స్క్రూనో ఉంటుంది, 110, 200, 220, 240 అని. దాన్ని 240 దగ్గర పెట్టండి. ఎవరో ఒకప్పుడు లో వోల్టేజి రోజుల్లో పాట సన్నంగా వస్తోందని 200కి దించి మరిచిపోయి ఉంటారు, చాలా ఇళ్లలో ఇదే కథ.

ఇప్పుడు శుభ్రం చేయడం. వెనక అట్ట విప్పగానే ఫోన్‌తో ఫోటోలు తీయండి, చాలు అనిపించినాక ఇంకో ఇరవై తీయండి. డయలు ముల్లును లాగే దారం ఏ చక్రం చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందో ఒక కాగితం మీద గీసి పెట్టుకోండి, అది తెగితే ఆ బొమ్మే దిక్కు. లోపల కుమ్మరి పురుగు మట్టిగూళ్లు కట్టి ఉంటుంది, బొద్దింక గుడ్లు, ఎలుక తెచ్చిపెట్టిన గుడ్డ పీలికలు కూడా ఉండొచ్చు. మెత్తటి పెయింటు బ్రష్షుతో దులపండి, తడి గుడ్డ వద్దు. ముఖ్యంగా డయలు అద్దం లోపలి వైపు తడి తగలనివ్వకండి, స్టేషన్ల పేర్లు ఆ వైపే అచ్చయి ఉంటాయి, అద్దాలు తుడిచే నీలం నీళ్లు కొట్టారంటే మద్రాసు, కొలంబో, ఢిల్లీ అన్నీ కలిసి గుడ్డకి అంటుకుని వచ్చేస్తాయి. నేను అట్లా బోసిపోయిన అద్దాలు చాలా చూశాను.

వాల్వులు ఒక్కొక్కటీ తీయండి, నిటారుగా పైకి లాగుతూ కొంచెం అటూ ఇటూ కదపాలి, మెలి తిప్పకూడదు. గాజు మీద అక్షరాలుంటాయి చూశారా, వాటిని తుడవొద్దు, వేలితో రుద్దినా పోతాయి, పేరు పోయిన వాల్వు అనాథ కింద లెక్క. పైభాగంలో లోపలి వైపు అద్దం లాంటి వెండి మరక కనపడాలి. అది నల్లగా, వెండిగా ఉంటే లోపల గాలి లేనట్టు. తెల్లగా పాలు పోసినట్టు మారిపోయిందంటే గాజు ఎక్కడో చిట్లి గాలి జొరబడింది, ఆ వాల్వు పని అయిపోయింది. మీ ఐదింటిలోనూ ఫిలమెంటు 4, 5 పిన్నుల మధ్యే ఉంటుంది, మల్టీమీటరుతో చూస్తే కొన్ని ఓములు చూపించాలి. అడుగు నుంచి చూస్తూ, ఖాళీ ఉన్నచోటు దాటి గడియారం ముళ్లు తిరిగే వైపు లెక్కపెట్టాలి. వాల్వులు పోతాయని అందరికీ భయం కానీ నిజానికి రేడియోలో ఎక్కువ కాలం బతికేవి అవే. అంగడాయన ‘వాల్వులు దొరకవండీ’ అని కూడా అనే ఉంటాడు, అది చూడకుండా చెప్పే మాట.

అసలు పని చట్రం కింద ఉంది. చట్రాన్ని పెట్టెలోంచి బయటికి తీసి తలకిందులు చేస్తే చాక్లెట్ల లాగా, మైనం పూసిన గొట్టాల లాగా కండెన్సర్లు కనిపిస్తాయి. కాగితం చుట్టిన రకం ఇవన్నీ. వీటిని పరీక్షించి మంచివి ఉంచుకుందాం అనే లెక్క నాకు లేదు, కాగితపువి అన్నీ మార్చేయండి. ఒక్కోటి మార్చండి, ఒకటి తీసి దాని చోట కొత్తది పెట్టాకే ఇంకోటి ముట్టుకోండి. అన్నీ ఒకేసారి కత్తిరించి ప్లేటులో పోసుకుంటే రాత్రి రెండింటికి నెత్తి పట్టుకుని కూర్చుంటారు. వాటి బదులు 630 వోల్టుల పాలియెస్టర్ కండెన్సర్లు కావాలి. మైకా బిళ్లలు, చిన్న సిరామిక్ గొట్టాలు మామూలుగా బాగానే ఉంటాయి, వదిలేయండి. మెయిన్స్ తీగ నుంచి చట్రానికి ఒక కండెన్సర్ ఉంటే అది మాత్రం మామూలు పాలియెస్టర్ పెట్టకూడదు, వై2 అని గుర్తు ఉన్నది అడిగి తీసుకోండి, అది చెడినా షార్టు కాకుండా ఉండేలా చేసిన రకం.

వీటన్నిటిలో ఒక్క కండెన్సర్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే వాల్వు రేడియోల ప్రాణం దాని చేతిలో ఉంటుంది. ఈబీసీ 81 నుంచి ఈఎల్ 84కి పాట పంపే కండెన్సర్ అది, 0.01 గానీ 0.02 మైక్రోఫారడ్ గానీ ఉంటుంది, ఈఎల్ 84 రెండో పిన్నుకి కలిసి ఉంటుంది. దాని ఒకవైపు వంద వోల్టుల దాకా ఉంటాయి, రెండోవైపు సున్నా ఉండాలి. పాత కాగితం కొంచెం లీకైందనుకోండి, ఎంత, 20 మెగోములు, అంటే రెండు కోట్ల ఓములు. అది మల్టీమీటరుతో చూస్తే ‘ఏమీ లేదు, బాగుంది’ అని చూపిస్తుంది, చాలామంది మెకానిక్కులు మోసపోయేది ఇక్కడే. కానీ ఆ రెండో పిన్ను దగ్గర అర మెగోము రెసిస్టెన్స్ ఉంటే, లెక్క వేసుకోండి, వందలో నలభయ్యో వంతు, అంటే రెండున్నర వోల్టులు పాజిటివ్ వచ్చి గ్రిడ్డు మీద, అంటే వాల్వులో కరెంటును అదుపు చేసే జాలీ మీద కూర్చుంటుంది. ఉండాల్సింది సున్నా. దాంతో ఈఎల్ 84 లాగాల్సిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా లాగుతుంది, లోపలి రేకు ఎర్రగా కాలుతుంది, చివరికి స్పీకరు ముందుండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తెగిపోతుంది. మా మామ సెట్టులో పెద్ద కండెన్సర్లు ఎటూ చెడే ఉన్నాయి, ఇదీ లీకై భారం ఇంకా పెంచింది, రెండూ కలిసి ముంచేశాయి. పది రూపాయల సరుకు. మిగతా ఏది మార్చకపోయినా ఇది మార్చకుండా ప్లగ్గు పెట్టొద్దు.

పెద్ద రేకు డబ్బా కండెన్సర్ల విషయానికొస్తే, డబ్బాని అందానికి అక్కడే ఉంచి, దాని తీగలు విప్పి, కింద కొత్తవి 450 వోల్టులవి కట్టండి. పాతదాని మీద 50 మైక్రోఫారడ్ అని ఉంటే 47 తెచ్చుకోండి, అదే ఇప్పుడు దొరికే సైజు. ‘పెద్దది పెడితే శబ్దం తగ్గుతుంది కదా’ అని 220 పెట్టేవాళ్లున్నారు. ఈజెడ్ 80 తర్వాత వచ్చే మొదటి కండెన్సర్ 50 దాటకూడదు. దాటితే ఆన్ చేసిన ప్రతిసారీ ఆ కండెన్సర్ నిండడానికి ఒక్కసారిగా లాగే కరెంటుకు రెక్టిఫయర్ వాల్వు అరిగిపోతుంది. ప్లస్సు, మైనస్సు తారుమారు చేయకండి, పేలుతుంది, నిజంగానే. రెసిస్టెన్సులు కూడా కొలవండి, పాత కార్బనువి వయసుతోపాటు పెరుగుతాయి. రాసిన విలువకన్నా ఐదో వంతు మించి పెరిగినవి మార్చండి.

సరుకు ఎక్కడ దొరుకుతుందంటారా. కండెన్సర్లు, రెసిస్టెన్సులు తిరుపతిలోనో, చిత్తూరులోనో పెద్ద ఎలక్ట్రానిక్స్ అంగళ్లలో అడిగి చూడండి, 450 వోల్టులవి లేవంటే తిరుపతి నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు రిచీ స్ట్రీటుకు వెళ్లొచ్చు. మీరు చిత్తూరు కాబట్టి పలమనేరు మీదుగా బెంగుళూరు వెళ్లినా ఒకటే, అక్కడ ఎస్.పి. రోడ్డులో ఒక్క పూట తిరిగితే అన్నీ అవుతాయి. మొత్తం సామాను కొన్ని వందల్లో తేలుతుంది, వాల్వు ఏదైనా కొనాల్సి వస్తే తప్ప వేలల్లోకి వెళ్లదు.

ఇదంతా అయినాక కూడా నేరుగా గోడకి పెట్టం. సిరీస్ బల్బు కట్టాలి. ఇది ఏ ఎలక్ట్రీషియన్ని అడిగినా ఐదు నిమిషాల్లో బోర్డు మీద బిగించి ఇస్తాడు. మెయిన్స్‌కి, రేడియోకి మధ్య ఒక తీగను తెంపి అందులో పాతకాలపు పసుపు వెలుగు బల్బు పెట్టడం, అంతే. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, ఫిలమెంటుది, 60 వాట్లది కావాలి. ముందు ఈజెడ్ 80 తీసేసి మిగతా వాల్వులు పెట్టి ఆన్ చేయండి. బల్బు సన్నగా, ఎర్రగా ఉంటే మంచిది. వాల్వుల లోపల కూడా నారింజ రంగు చుక్కలు మెల్లగా వెలుగుతాయి, డయలు లైటు వెలిగినా వెలగకపోయినా పట్టించుకోకండి. బల్బు పూర్తిగా భగ్గుమని వెలిగిందా, లోపల షార్టు ఉంది, వెంటనే తీసేయండి. ఇట్లా గంటసేపు ఉంచి, ప్లగ్గు పీకి, ట్రాన్స్‌ఫార్మర్ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే భయం లేదు, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఆపేయండి.

ఆ తర్వాత ఈజెడ్ 80 పెట్టి, స్పీకరు తీగలు కలిసి ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుని (స్పీకరు లేకుండా ఔట్‌పుట్ వాల్వును నడిపితే దాని ట్రాన్స్‌ఫార్మర్ మీదికి వస్తుంది) మళ్లీ బల్బుతోనే ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి కొంచెం పెరిగి తగ్గాలి. ఇక్కడి నుంచి చట్రం కింద 250 వోల్టుల పైన డీసీ తిరుగుతూ ఉంటుంది, మెయిన్స్ షాకు కన్నా ఇది మొండిది. మల్టీమీటరు నల్ల తీగ చట్రానికి క్లిప్పుతో తగిలించి, ఎర్ర తీగ ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, రెండో చెయ్యి జేబులో. ఒంటరిగా చేయకూడదు. ప్లగ్గు పీకినా కండెన్సర్లలో వోల్టేజి మిగిలే ఉంటుంది, పది కిలో ఓముల ఐదు వాట్ల రెసిస్టెన్స్‌కి క్లిప్పులు కట్టి, కొన్ని సెకన్లు తగిలించి ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్పుమనిపించే మెకానిక్కుల వీరత్వం మీ పిల్లోడికి నేర్పకండి. ఈఎల్ 84 రెండో పిన్ను మీద సున్నా ఉండాలి, మూడో పిన్ను మీద, బల్బు తీసేసి పూర్తి కరెంటు ఇచ్చాక, ఏడు వోల్టుల దగ్గర్లో ఉండాలి. పన్నెండు, పదిహేను అని చూపిస్తే ఆపేసి వెతకండి.

పాట వచ్చినాక గరగర ఉంటుంది, అది వాల్యూము, బ్యాండు స్విచ్చి దుమ్ము. కాంటాక్టు క్లీనర్ ఒక్క చుక్క పెట్టి యాభైసార్లు తిప్పితే పోతుంది. స్పీకరు కాగితం చిరిగి ఉంటే పల్చటి కాగితం మీద రబ్బరులా ఆరే జిగురు పూసి అతికించండి. డయలు దారం సంగతి మీకు ముందే చెప్పాను. చెక్క పెట్టెకు రంగు వేయించకండి దయచేసి, వడ్రంగి ఎవరైనా లక్క పాలిష్ చేతితో రుద్ది ఇస్తాడు, అది చాలు. ఇంకొక్క మాట, చట్రం మీద చదరపు రేకు డబ్బాలు ఉంటాయి, పైన చిన్న మరలు కనపడతాయి, వాటిని తిప్పాలని చేయి గుంజుతుంది. వద్దు. అవి ఐ.ఎఫ్. కాయిళ్లు, ఈసీహెచ్ 81 మార్చిన ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని పట్టుకునేవి, ఫ్యాక్టరీలో మీటర్లు పెట్టి కలిపినవి. ఊరికే తిప్పి చూసిన మెకానిక్కు దగ్గర్నుంచి వచ్చిన సెట్టు బాగుచేయడం చచ్చిన సెట్టును బాగుచేయడం కన్నా కష్టం.

ఇక బ్లూటూత్ సంగతి. ఆయన తప్పుగా చెప్పలేదు, పాట వస్తుంది, ఒక్క పూటలోనే వస్తుంది, అయితే అది ఫోను పాట, చెక్క పెట్టెలో పెట్టిన ఫోను పాట. మీ అమ్మగారికి కావాల్సింది పాటేనా? నాకు అనుమానమే. నాబు తిప్పితే ‘టక్’మనడం, డయలు పసుపుగా వెలగడం, కాసేపు ఏమీ లేకపోవడం, తర్వాత గాలిలా ఒక చప్పుడు వచ్చి దాని వెనకాల ఎవరో మాట్లాడటం, ఆ వెచ్చటి దుమ్ము వాసన, ఇవన్నీ కలిస్తే ఆమెకు ఆ రేడియో. పైగా పీకేసిన వాల్వుల చట్రం నేరుగా పాతసామాన్ల కొట్టుకు పోతుంది, మళ్లీ కావాలంటే తిరిగి రాదు. ఫోను పాట కూడా కావాలంటే వెనక గ్రామఫోను పెట్టుకోవడానికి రెండు రంధ్రాలు ఉంటాయి చూడండి, చాలా సెట్లకు ఉంటాయి, అందులోకి ఫోను నుంచి తీగ ఇవ్వొచ్చు. అయితే ఇందాక చెప్పిన ఓముల పరీక్షలో మీ సెట్టు పాసైతేనే, చట్రానికి మెయిన్స్ ఉన్న సెట్టుకు ఫోను తగిలిస్తే ఫోను పట్టుకున్న మనిషి గతి చెప్పక్కర్లేదు.

తిరుపతి స్టేషను రాదు అమ్మా. అది ఎఫ్.ఎం., మీ సెట్టు మీడియం వేవు, షార్ట్ వేవు మాత్రమే అయ్యుంటుంది. మీడియం వేవులో కడప 900 కిలోహెర్ట్జ్ దగ్గర, డయలు మీటర్లలో ఉంటే 333 దగ్గర వెతకండి. మద్రాసు 720, బెంగుళూరు 612. రాత్రయితే హైదరాబాదు 738, విజయవాడ 837 కూడా తొంగిచూడొచ్చు, పగలు ఆకాశంలో ఈ తరంగాలను మింగేసే పొర చీకటి పడగానే కరిగిపోతుంది కాబట్టి దూరం స్టేషన్లు రాత్రిళ్లే వస్తాయి. ఆకాశవాణి ఈమధ్య కొన్ని మీడియం వేవు ట్రాన్స్‌మిటర్లు ఆపేస్తూ వస్తోంది, కాబట్టి ముందు ఎవరిదైనా చిన్న ట్రాన్సిస్టరు తెచ్చి మీ ఇంట్లో ఏమొస్తున్నాయో చూసుకోండి, లేకపోతే రాని స్టేషను కోసం బాగున్న రేడియోని తిడతారు. షార్ట్ వేవు మీద పెద్ద ఆశ వద్దు. మీ అమ్మగారి వయసువాళ్లు రేడియో సిలోను తెలుగు పాటలు, మీనాక్షి పొన్నుదురై గొంతు వచ్చేదని చెప్తారు, ఆ రోజులు అయిపోయాయి.

ఏరియల్ మాత్రం కావాలి. పాత ఇళ్లలో ఈ గోడ నుంచి ఆ గోడకు రాగి తీగ వలలాగా అల్లిన పట్టీ కట్టి ఉండేది, గుర్తుంటే అమ్మగారిని అడగండి, అటక మీదే చుట్ట చుట్టి ఉండొచ్చు. లేకపోతే మామూలు తీగ ఇరవై అడుగులు మిద్దె మీద కట్టినా చాలు. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టరు అన్నీ ఆపేస్తే గానీ గరగర తగ్గదు. ఒకప్పుడు రేడియో వింటుంటే వీధిలో మోపెడ్ పోయినప్పుడు మాత్రమే గరగర వచ్చేది, ఇప్పుడు మన ఇంట్లో వాళ్లే చేస్తున్నారు.

అటక ఇంకోసారి వెతకండి, ఒకప్పుడు పోస్టాఫీసులో డబ్బు కట్టి స్టాంపు వేయించుకున్న రేడియో లైసెన్సు పుస్తకం దొరికితే సెట్టు ఏ సంవత్సరందో తెలిసిపోతుంది. చట్రం కింది ఫోటోలు, మెరుపు లైటు వేయకుండా పగటి వెలుతురులో తీసినవి, సోల్డరింగు మొదలుపెట్టక ముందే నాకు పంపండి. ఏ కండెన్సర్ ఏదో గీసి పంపుతాను.

అన్నీ సరిగ్గా ఉండి, బల్బు లేకుండా రెండు మూడు సాయంత్రాలు మీ పిల్లోడే కూర్చుని నడిపి చూశాక అమ్మగారిని పిలవండి, మొదటి రోజే కుర్చీ వేసి కూర్చోబెట్టకండి. ఆమెనే నాబు తిప్పమనండి. వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పడుతుందని పిల్లోడికి ముందే చెప్పి ఉంచండి, ఆమెకు తెలుసు కాబట్టి ఆమె కదలకుండా కూర్చుంటుంది, వీడే రెండు సెకన్లకు ‘పనిచెయ్యలేదు అవ్వా’ అని వెనక అట్ట విప్పేస్తాడు.